పదిహేనో రోజు

పరగడుపున మాత్ర వేసుకుని
కాఫీకి అరగంట ఆగాలి.
ఆ అరగంటలోనే స్కూటీ మీద
బాలాజీ కాలనీ దాటి క్యాంపస్‌కి వచ్చేస్తాను.
ఆవగింజ కంటే కాస్త పెద్ద మాత్ర.
నా గొంతులో తయారు కానిది
సీసాకి నూరు చొప్పున కొనుక్కుంటాను.

జంతుశాలలో రంపపు పొట్టు వాసన,
ఉచ్చ వాసన,
మునిరత్నం కాల్చలేదని ఒట్టేసే బీడీ వాసన.
పదిహేడో బోనులో పదకొండు పిల్లలు.
మినపగింజల్లాంటి కళ్లు
మొన్ననే తెరిచాయి.

"నాకౌట్ అంటే ఆటలో ఓడిపోయినోళ్లా మేడమ్?"
అని అడిగాడు చేరిన కొత్తలో.
కాదన్నా, రక్తంలో ఒక రసం తిరుగుతా ఉంటుంది.
ఇంటింటికీ పోయి తలుపు తడుతుంది.
ఎముకని, మెదడుని, చెవి లోపలి నత్తని
పొద్దయింది, ఇంక ఎదగండి అంటుంది.
వీటిలో కొన్నింటికి మేము ఆ తలుపు తీసేశాం.
"తలుపు తీసేస్తే ఇంకా సులువు గదా, లోపలికి పోయేదానికి?"

ఆరేళ్లలో ఏ సెమినార్లోనూ
ఎవరూ అడగలేదు ఈ మాట.
తలుపున్న చోట గోడ కట్టేశాం అని
పోలిక మార్చుకున్నాను.

ఏ పిల్ల ఏదో నాకు తెలియకూడదు.
తోక తునకలు హేమాద్రి దగ్గర,
జెల్ మీద గీతలు చదివేది అతను.
క్లిక్కర్ నొక్కి
చెవి అదిరిందా లేదా అని రాసేది నేను.
ఒకరు కళ్లు మూస్తే ఒకరు వెతికే ఆట.

ఆ రోజు గంగ జాతర.
చేతికి గ్లవ్సు ఎక్కుతుండగానే
గేటు బయట రోడ్డు మీద డప్పులు దిగాయి.
కిటికీ అద్దం వణికింది.
తల్లి ఎలుక లేచి మూలకి ఉరికింది.
ఎనిమిది పిల్లలు
ఉన్నవి ఉన్నట్టే రాళ్లయ్యాయి.
మూడు మాత్రం
తల్లి లేచిపోయిన చోటే
గాలిలో పాలు వెతుక్కుంటూ
మూతులు కదిలిస్తున్నాయి.

నేను చూడకుండా ఉండాల్సింది.
చూసేశాను.

తలుపు తోసుకుని మునిరత్నం వచ్చాడు.
మాతంగి వేషం. ఎర్రచీర, కాటుక, మోచేతుల దాకా గాజులు,
మీసం మాత్రం పసుపు కింద దాగనంటోంది.
"మొక్కు మేడమ్. నీళ్ల సీసాలు మార్చి పోతా,
పండగని దప్పిక ఆగతాదా?"
మూడింట్లో ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుని
దాని తల దగ్గర గాజులు గలగల్లాడించాడు.
పిల్ల ఆవులించింది.
"ఆ రసమేదో సూదితో ఎక్కిస్తే?"
ఉందన్నా దాని రక్తంలో. మిగతా వాటికన్నా ఎక్కువే ఉంది.
పలికేవాళ్లు లేక
ఇంకా ఇంకా గట్టిగా పిలుస్తా ఉంది.

చాలాసేపు నిలబడ్డాడు.
"పాపం," అన్నాడు,
ఎలుకని కాదు.

రికార్డు పుస్తకంలో రాశాను:
పదిహేనో రోజు. పదకొండు పిల్లలు.
పరీక్షకు ముందే బయటి శబ్దం వల్ల
పరిశీలకురాలికి ఫలితం తెలిసిపోయింది.
ఈ ఈతను లెక్కలోంచి తీసివేయడమైనది.
'బయటి శబ్దం' దగ్గర
పెన్ను కాసేపు ఆగింది.
వచ్చే వారం ఆ చెవి నత్తలు మూడూ
నా కత్తెర కిందికి రావాలని
మునిరత్నానికి చెప్పలేదు.
బోను మూత మీద
అతని పసుపు వేళ్లు నాలుగు పడ్డాయి.
స్పిరిట్‌తో తుడవాలి, నియమం.

మర్నాడు పరగడుపున మాత్ర మింగి
గొంతు మీద వేలు పెట్టుకుని
ఇప్పుడెక్కడ తడుతోందో అని కూర్చున్నాను.
కాఫీ చల్లారింది.
తుడవలేదు.